బొంత: కడప జిల్లాలో చేతికుట్టు

నిర్వచనం

వాడిన చీరలు, పంచెలు, లుంగీలు, దుప్పట్లను పొరలుగా పరిచి, ఆ పొరలన్నిటినీ చేతిసూదితో దగ్గర దగ్గరగా కుట్టి ఒకటి చేసిన పరుపుగుడ్డ బొంత. కింద పరచుకోవడానికీ, పైన కప్పుకోవడానికీ పనికివస్తుంది. లోపల దూది నింపిన రజాయి, పరుపు వేరు. బొంతలో పైనా లోపలా ఉండేది నేసిన బట్టే. ఉన్నితో నేసే కంబళి (చూ. గొంగళి) కూడా వేరు. దానికి మగ్గం కావాలి, బొంతకు సూది చాలు.

బొంత పనిలో మూడు పద్ధతులు కలుస్తాయి. చిన్న ముక్కలను అంచుకు అంచు కలిపి పెద్ద గుడ్డ చేయడం అతుకుపని. ఒక గుడ్డ మీద వేరే రంగు ముక్కను ఆకారంగా కత్తిరించి పైన కుట్టడం పైఅతుకు. దీన్ని ఇప్పుడు కుట్టుపని నేర్పేవాళ్ళు అప్లిక్ అంటున్నారు. రంగు దారంతో పువ్వులు, గీతలు, చుక్కలు కుట్టడం ఎంబ్రాయిడరీ. కడప జిల్లా ఇళ్ళలోని బొంతలో అతుకుపనిదే పెద్ద వాటా. పైఅతుకు, ఎంబ్రాయిడరీ ఎక్కువగా కనబడేది గంగిరెద్దు మీద కప్పే బొంతలోనూ, సుగాలీల కుట్టుపనిలోనూ.

చూసేవారి కంటికి ముందు పడేది అతుకే. అయితే బొంతను నిలబెట్టేది అతుకు కాదు, పొరలన్నిటి గుండా ఈ కొస నుంచి ఆ కొసకు సాగే సాదా కుట్టు. అది లేకపోతే ఎన్ని చీరలు పేర్చినా అది బట్టల దొంతరే. బొంతను పాతగుడ్డల సరుకుగా మాత్రమే లెక్కగట్టే వర్ణనల్లో ఈ సంగతి తప్పిపోతుంది.

పేరు, సంబంధ పదాలు

బొంతకు సంస్కృత పదం కంథ. కావ్యాల్లో జోగులు, సన్యాసులు ధరించే అతుకుల వస్త్రానికి ఈ మాట వాడారు. బెంగాలీల కాంథా అనే పేరు కూడా ఈ కుదురులోదే. కన్నడ సీమలో దీన్ని కౌది అంటారు, మహారాష్ట్రలో గోధడి. బొంత అనే మాటకు సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో (1852) చోటుంది. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, అక్కడే బంగళా కొని పండితులతో గ్రంథ పరిష్కరణ చేయించినవాడు.

చినిగిన చోట వేసే ముక్కను మాసిక అంటారు. మాసిక చిరుగును కప్పడానికి, అతుకు వెడల్పును పెంచడానికి. రెండూ ఒకటి కావు. పనికిరాని చిన్న ముక్కలు పేలికలు. పసిపిల్లలను చుట్టే మెత్తని పాతగుడ్డలు పొత్తిగుడ్డలు.

వాడుక భాషలో బొంత రెండు చోట్ల స్థిరపడింది. పొంతన లేకుండా పోగుచేసిన దేన్నైనా అతుకుల బొంత అంటారు. పత్రికల్లో రాజకీయ కూటముల గురించి ఈ మాట తరచుగా వస్తుంది. రెండోది గంతకు తగ్గ బొంత అనే సామెత. బరువు మోసే పశువు వీపు మీద వేసేది గంత. దానికి సరిపడిన బొంత దొరికిందని చెబుతూ, జోడు కుదిరిన ఇద్దరి గురించి అంటారు. మొదటి వాడుక బొంతకు న్యాయం చేయదు. బాగా కుట్టిన బొంతలో ముక్కలు విడివిడిగా ఉండవు. ఏ ముక్కనూ పట్టుకుని లాగి ఊడదీయలేం.

ప్రాంతం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కడప జిల్లా పశ్చిమ, వాయవ్య భాగాల్లోని పట్టణాలు. మొదటి రెండూ పెన్నా నది ఒడ్డున ఉన్నాయి. జమ్మలమడుగుకు ఎగువన పెన్నా గండికోట లోయను దాటి వస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి నేలలు ఎక్కువ; అక్కడ పత్తి పాత పంట. ప్రొద్దుటూరు బంగారం వ్యాపారానికీ బట్టల వ్యాపారానికీ పేరుపడ్డ ఊరు. పులివెందుల వైపు వేరుశనగ, చీనీ, అరటి తోటలు. జిల్లాలో ఏడాది సగటు వాన దాదాపు 700 మిల్లీమీటర్లు, వేసవిలో ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది.

ఇంత ఎండ కాసే సీమలో బొంత ఎందుకన్న ప్రశ్న సహజం. జవాబు నేలలో ఉంది. ఈ ప్రాంతపు ఇళ్ళలో నేలకు నాపరాతి బండలు పరుస్తారు. బయటి ఊళ్ళలో వీటినే కడప బండలంటారు. నార్జి గ్రామం పేరునే భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి సున్నపురాతి పొరకు పెట్టారు. బండ గట్టిది, వానాకాలం, చలికాలం రాత్రుల్లో చల్లబడుతుంది, ఎండాకాలంలో మిద్దె మీద పడుకుంటే పగటి వేడి ఇంకా వదలదు. బండకూ ఒంటికీ నడుమ అడ్డు కావాలి. దూది పరుపు ఉక్కపోస్తుంది, చాప ఒత్తుకుంటుంది. నాలుగైదు పొరల నూలుబట్ట చెమటను పీల్చుకుంటుంది, తెల్లవారితే మడిచి దండెం మీద వేయవచ్చు. అందుకే కడప బొంత కప్పుకునేది కావడానికి ముందు పరచుకునేది. నులక మంచం మీదా, ఎద్దులబండిలో గడ్డి మీదా, కళ్ళం కాపలాలోనూ దాని పని ఇదే.

చరిత్ర

పాతబట్టను పారేయకుండా పొరలు పేర్చి కుట్టుకోవడం భారతదేశంలో చాలా పాత అలవాటు. బౌద్ధ భిక్షువుల చీవరం ముక్కలను అతికి కుట్టినదే. మగధ వరిమళ్ళ గట్ల మాదిరిగా ఆ ముక్కలు అమర్చాలని బుద్ధుడు ఆనందుడికి సూచించినట్టు వినయపిటకం చెబుతుంది. బొంతకు అలాంటి గ్రంథస్థ చరిత్ర లేదు. బొంత అరిగేదాకా వాడే వస్తువు, దాచుకునేది కాదు; పాత బొంతలు మిగలకపోవడానికి కారణం అదే. కనుక దాని చరిత్రను పక్కనున్న పత్తి, నేత, దూది పనుల చరిత్రలోంచి చదువుకోవాలి.

1800లో నిజాం కడపతో కూడిన దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు వాటికి ప్రధాన కలెక్టరు. అప్పటికే ఈ సీమలో పత్తి పండేది, ఊరూరా మగ్గాలు ఆడేవి. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధ కాలంలో పత్తి ధరలు పెరిగి మద్రాసు రాజధానిలోని పత్తి జిల్లాల దారి మారింది. పదేళ్ళు దాటాక వచ్చిన 1876–78 కరువు దత్తమండలాలను పీడించింది. చేతికి అందిన బట్ట ప్రతి అంగుళాన్నీ వాడుకునే పద్ధతిని ఇలాంటి ఎగుడుదిగుళ్ళలో బతికిన ఇళ్ళు వదులుకోలేవు.

నేతగాళ్ళు బొంతకు రెండు విధాల ఆధారం. తొగటలు, పద్మశాలీలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పరిసరాల్లో మగ్గం పని చేస్తూ వచ్చారు. జిల్లాలో ఒంటిమిట్ట దగ్గరి మాధవరం చేనేత చీరలకు పేరు. మోటు నూలుతో నేసిన చీర ఏళ్ళ తరబడి ఉతికాక మెత్తబడి బొంతకు సరైన అదనుకు వస్తుంది. మగ్గం మీద నేత ముగిశాక మిగిలే పడుగు కొసల నూలు పేనుకుంటే బొంతదారం అవుతుంది.

దూదేకులవారు

దూదితో నిండే పరుపు, దిండు, రజాయిలకు దూదిని విప్పి శుభ్రం చేయడం దూదేకులవారి వృత్తి. వీరిని పింజారి, లదాఫ్ అని కూడా అన్నారు. నూర్‌బాషా అనే పేరూ ఉంది. ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో దూదేకుల మీద ప్రత్యేక వ్యాసం ఉంది. పనిముట్టు పెద్ద విల్లు. దాని నారిని దూదిలో ఉంచి కొయ్యతో మీటితే ఆ అదురుకు గడ్డకట్టిన దూది విడిపోయి, దుమ్మూ పొట్టూ రాలి, నురుగులా పైకి లేస్తుంది.

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ప్రధాన శిష్యుడు సిద్దయ్య దూదేకుల కుటుంబంలో పుట్టినవాడు. బ్రహ్మంగారిమఠం, సిద్దయ్య మఠం ఉన్న ముడుమాల, రెండూ కడప జిల్లాలోవే. ఈ సీమ జనం నోట దూదేకుల అన్న మాట వృత్తితో పాటు ఆ గురుశిష్యులనూ గుర్తుచేస్తుంది.

దూదేకులవారి పని, బొంత పని ఒకటి కాదు. పరుపు బజారులో డబ్బుపెట్టి కుట్టించుకునేది. బొంత ఇంట్లోని బట్టతో, ఇంటివాళ్ళ చేత్తో తయారయ్యేది. రెండూ ఒకే పడకను పంచుకుంటాయి: పరుపున్న ఇంట్లో దాని మీద బొంత, లేని ఇంట్లో బండ మీద బొంత.

ముడిసరుకు, పనిముట్లు

మంచి బొంతకు పాత నూలు చీరే మూలం. కొత్తబట్టలో గంజి ఉంటుంది, పోగులు బిగుతుగా ఉంటాయి. అయిదారు పొరలైతే సూది దిగదు. ఉతికి ఉతికి పలచబడిన బట్టలో పోగుల మధ్య సందు ఏర్పడి సూది జారిపోతుంది. మరీ జీర్ణించిన బట్ట కుట్టు దగ్గర పిగులుతుంది. గోటితో గీసి, రెండు చేతులా కొద్దిగా లాగి చూసి, చిరగని భాగాన్నే పై పొరకు తీసుకుంటారు. పిగిలిన భాగం లోపలికి పోతుంది.

చీరలో అన్ని చోట్లా బలం ఒకటి కాదు. నడుము దగ్గర కుచ్చిళ్ళు దోపుకునే భాగం, కాళ్ళకు తగిలే కింది అంచు ముందు అరుగుతాయి. కొంగు, పై అంచు గట్టిగా మిగులుతాయి. అందుకే చాలా బొంతల చుట్టూ చీర అంచులే కనబడతాయి. అది అందం కోసం మాత్రమే కాదు. బొంత ముందు చిరిగేది అంచుల దగ్గర. అక్కడ చీరలోని గట్టి నేతను పెట్టడం పనితనం.

దారం సాదా నూలు పోగు. రెండు మూడు పోగులు కలిపి పేనుతారు, చిక్కుపడకుండా మైనం రాస్తారు. సూది మామూలు కుట్టుసూది కంటే పొడవు, లావు. దాన్ని బొంతసూది అంటారు. గోనెలు కుట్టే దబ్బనం ఇంతకంటే పెద్దది, బొంతకు వాడితే బెజ్జాలు పడతాయి. వేలికి గుడ్డ చుట్టుకోవడమో, దర్జీలు వాడే అంగుస్తాను తొడుక్కోవడమో చేస్తారు. వీటితో పాటు ఒక కత్తెర, అంచులు కదలకుండా పెట్టడానికి నాలుగు రాళ్ళు.

కుట్టే విధానం

బట్టలను ఉడుకునీళ్ళలో నానబెట్టి ఉతికి, ఎండలో పూర్తిగా ఆరబెడతారు. చెమ్మ మిగిలితే లోపలి పొరలు ముక్కవాసన వేస్తాయి, తర్వాత దాన్ని పోగొట్టడం కష్టం. జేబులు, గుండీలు, కాజాలు, మందపాటి మడతలు కత్తిరించి తీసేస్తారు.

ఊడ్చిన బండల నేల మీద అడుగు చీర పరుస్తారు. ముడత లేకుండా చేత్తో నిమిరి నాలుగు మూలలా రాళ్ళు పెడతారు. దాని మీద లోపలి పొరలు. ఇక్కడే కుట్టేవారి నేర్పు తెలుస్తుంది. ఒక పంచె ముక్క, పక్కన లుంగీ ముక్క, మిగిలిన జాగాలో పిల్లల చొక్కా వీపు భాగం, ఇలా అమర్చేటప్పుడు రెండు ముక్కల అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కితే అక్కడ గట్టు లేస్తుంది, ఎడం వస్తే గుంట పడుతుంది. గట్టు పడుకున్నవారి వీపుకు తగులుతుంది. గుంట దగ్గర కుట్టు వదులై ముందు చిరుగుతుంది. ఒక పొరలో అతుకు వచ్చిన చోట పై పొరలో నిండు గుడ్డ వచ్చేలా చూసుకుంటారు. ఇటుక గోడ కట్టేవాడు కీలు మీద కీలు రాకుండా చూసుకున్నట్టే.

అన్నిటి మీదా పై చీర. తర్వాత అక్కడక్కడ పెద్ద టాకాలు వేసి పొరలను తాత్కాలికంగా పట్టిస్తారు. చుట్టూ అంచులను లోపలికి మడిచి కుడతారు. ఇప్పుడు అసలు పని మొదలు.

సాదా కుట్టులో సూది ఒకసారి కిందికీ ఒకసారి పైకీ పోతుంది. పై వైపు ఎంత దారం కనబడుతుందో అడుగు వైపూ అంతే కనబడాలి. సూది నిలువుగా దిగితేనే ఇది సాధ్యం. వాలుగా దింపితే పైన పొడుగు కుట్టు, కింద చుక్కలాంటి కుట్టు వస్తాయి, లోపలి ఒకటి రెండు పొరలు కుట్టులో పడకుండా తప్పిపోతాయి. కింది చేయి బొంత అడుగున ఉండి సూదిమొన తగిలిందో లేదో చూస్తుంది. ఆ వేలిమొన ఎప్పుడూ పొడుపులతో గరుకుగా ఉంటుంది. దారాన్ని గట్టిగా లాగితే బొంత ముడుచుకుంటుంది, వదిలేస్తే దారం ఉంగరాలు తేలి పిల్లల కాలివేళ్ళకు తగులుకుంటుంది. దారం ముడిని పొరల మధ్యకు లాగి దాచేస్తారు.

వరుసలు రెండు రకాలుగా నడుస్తాయి. నిలువు వరుసల పద్ధతిలో ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు సమాంతరంగా పోతాయి. చుట్టు వరుసల పద్ధతిలో బయటి అంచున మొదలై చదరపు చుట్టలుగా లోపలికి వచ్చి నడుమ ముగుస్తాయి. రెండోదానిలో ఒక ఇబ్బంది ఉంది. పొరలు సరిగా పరవకపోతే మిగులు గుడ్డ అంతా నడుమకు నెట్టుకొచ్చి ఉబ్బుతుంది. చేయి తిరిగినవారే ఆ పద్ధతి ఎంచుకోవడం మంచిది.

పని ఎంతో ఒక లెక్కతో తెలుస్తుంది. అయిదున్నర మీటర్ల చీరను నడిమికి మడిస్తే 2.75 మీటర్ల పొడవు, సుమారు 1.15 మీటర్ల వెడల్పు వస్తుంది. ఒక మనిషి పడుకునే బొంతకు ఇది చాలు. వరుసకూ వరుసకూ నడుమ ఒకటిన్నర సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు వేలి వెడల్పు, ఎడం పెడితే 76 వరుసలు పడతాయి. కుట్టిన పొడవు మొత్తం 209 మీటర్లు. సెంటీమీటరుకు ఒక కుట్టు చొప్పున లెక్కేస్తే 20,900 కుట్లు. జంటపోగుతో కుడితే 420 మీటర్లకు పైగా నూలు పడుతుంది. ఇంటిపని, చేనిపని ముగించుకుని మధ్యాహ్నాలు కూర్చుని కుట్టే పనికి వారాలు పట్టడంలో ఆశ్చర్యం లేదు. ఇద్దరు చెరో వైపు కూర్చుంటే పని చురుగ్గా సాగుతుంది. కాకపోతే ఇద్దరి కుట్టు పొడవూ ఒకటిగా ఉండాలి. పాత బొంతను పరీక్షగా చూస్తే నడుమ ఎక్కడో చేయి మారిన చోటు పట్టుకోవచ్చు.

రకాలు

వాడుకను బట్టి చూస్తే పడక బొంత పెద్దది, నాలుగు నుంచి ఎనిమిది పొరలు. ఉయ్యాల బొంత, పసిపిల్లల కింద వేసే బొంత చిన్నవి, రెండు మూడు పొరలకు మించవు. వీటికి ఇంట్లోని అన్నిటికంటే మెత్తని చీర ఏరుతారు. ఎక్కువగా అది అవ్వ చీరే అవుతుంది, ఎక్కువ ఏళ్ళు ఉతికింది అదే కాబట్టి. లోపల ముడులు, గట్లు ఉండకూడదు. బిడ్డ పుట్టకముందే వీటిని ఒకటికి నాలుగు కుట్టి ఉంచుకుంటారు. తడిసినది తీసి ఆరినది వేయాలి కదా. బండి బొంత, పశువు వీపున వేసేది మోటువి. వాటికి గోనెపట్టా కూడా అడుగున కలుస్తుంది.

పై గుడ్డను బట్టి మరో విభజన చేయవచ్చు. పై పొర ఒకే చీర అయితే సాదా బొంత. చదరపు ముక్కలు, పట్టీలు, మూడు కోణాల ముక్కలు కలిపి పై పొర చేస్తే అతుకుల బొంత. అతుకుల్లో తేలిక పట్టీలది: చీరలను నిలువుగా చీల్చి రంగు మార్చి రంగు కలుపుతారు. మూడు కోణాల ముక్కలు కష్టం. ఏటవాలుగా కత్తిరించిన అంచు సాగుతుంది, రెండు సాగే అంచులను కలిపితే వంకర వస్తుంది. అందుకని ఒక ముక్క సాగే అంచును మరో ముక్క నిలువు అంచుకు జోడిస్తారు.

గంగిరెద్దు బొంత

అతుకుపని, పైఅతుకు, ఎంబ్రాయిడరీ మూడూ ఒకే గుడ్డ మీద కనబడే తెలుగు వస్తువు గంగిరెద్దు మీది బొంత. సంక్రాంతి రోజుల్లో ఇల్లిల్లూ తిరిగే గంగిరెద్దులవాళ్ళు ఎద్దును అలంకరించడానికి దీన్ని కప్పుతారు. ఇంటింటా ఇచ్చిన పాత చీరలు, రవిక గుడ్డలు, పట్టు ముక్కలు ఇందులో చేరతాయి. ఎద్దు మూపురం పైకి రావాలి, కదిలినప్పుడు గుడ్డ జారకూడదు, రెండు పక్కలా సమానంగా వేలాడాలి. కనుక ఇది పడక బొంత మాదిరి చదునుగా ఉండదు, వీపు వంపుకు తగ్గట్టు కుట్టాలి.

పైన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ముక్కలను చదరాలుగా, కోణాలుగా, పువ్వు ఆకారాలుగా అమరుస్తారు. పైఅతుకు వేసేటప్పుడు ముక్క అంచును గోరంత లోపలికి మడిచి, కింది గుడ్డకు సన్నని వాలుకుట్టుతో పట్టిస్తారు. మడవకుండా కుడితే పోగులు ఊడతాయి. అలాంటి చోట కాజాకుట్టు అంచంతా వేయాలి. గవ్వలు, అద్దాలు, పూసలు, కుచ్చులు చివరగా చేరతాయి. ఇంటి బొంత మీద వీటిని పెట్టరు. కారణం తేలికే: దాని మీద పడుకోవాలి.

దానంగా వచ్చిన బట్టే ఈ అలంకారం కావడం గమనించదగ్గది. ఒక వీధిలోని ఇళ్ళ చీరలు మరుసటి ఏడు అదే వీధికి ఎద్దు వీపున తిరిగి వస్తాయి.

సుగాలీల కుట్టుపని

రాయలసీమలో లంబాడీలను సుగాలీలంటారు. కడప జిల్లాలోనూ వారి తండాలున్నాయి. స్త్రీల గాగరా, రవిక, తలపై కొంగుకు ముక్కలు అతకడం, అద్దాలు పొదగడం, గవ్వలు, పూసలు కుట్టడం వారి సంప్రదాయం. రంగుల ముక్కల మీద రంగు దారాల కుట్టు నిండుగా పడటం వల్ల అతుకు ఎక్కడ మొదలై ఎంబ్రాయిడరీ ఎక్కడ అందుకుందో విడదీయడం కష్టం. అద్దం చుట్టూ ముందు నిలువు, అడ్డం దారాలతో చట్రం అల్లి, ఆ చట్రాన్ని పట్టుకుని గుండ్రంగా కుడతారు; జిగురు అవసరం రాదు.

రాయలసీమను ఆనుకుని ఉన్న బళ్ళారి ప్రాంతంలోని సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనిలో పద్నాలుగు రకాల కుట్లు లెక్కిస్తారు. తండాల్లో ఇప్పుడు రోజువారీ ఉడుపుగా ఈ దుస్తులు తగ్గాయి. పెద్ద వయసు స్త్రీల ఒంటి మీదా, పెళ్ళిళ్ళు, తీజ్ పండుగ వేళల్లోనూ కనబడతాయి.

కుట్టేవారు

బొంత ప్రధానంగా స్త్రీల పని, ఒక కులానికో వృత్తికో కట్టుబడినది కాదు. తల్లి దగ్గరో, అవ్వ దగ్గరో చూసి నేర్చుకుంటారు. బడిలో, కుట్టు శిక్షణలో నేర్చిన గొలుసుకుట్టు, కాడకుట్టు, కాజాకుట్టు దిండు గలీబుల మీదా, బల్లగుడ్డల మీదా ఎక్కువ కనబడతాయి. అక్కడి నుంచి కొన్ని పసిపిల్లల బొంతల మీదికి వచ్చాయి. పొరలు పరచడం మాత్రం ఏ కుట్టు పుస్తకంలోనూ దొరకదు. అది పక్కన కూర్చుని చేతులు చూసి నేర్చుకోవాల్సిందే.

తీరిక లేనివారు కూలికి కుట్టిస్తారు. బుడగ జంగాలు వంటి సంచార కులాల స్త్రీలు తెలుగు, మరాఠీ ప్రాంతాల్లో ఈ పనికి పేరుపడ్డవారు. బట్ట, దారం ఇంటివాళ్ళవి, కుట్టు వారిది. అరుగు మీద గానీ చెట్టు నీడన గానీ కూర్చుని కుట్టి ఇస్తారు. లెక్క బొంతకింత అని ఉంటుంది, గంటలను బట్టి ఉండదు. ఇరవై వేల కుట్ల పనికి ఆ కూలి ఎప్పుడూ తక్కువే పలికింది.

ఇతర ప్రాంతాల్లో

బొంతకు దగ్గరి చుట్టాలు దేశమంతా ఉన్నాయి. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీలు, ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి, కవంది అనే బొంత కుడతారు. అంచు నుంచి నడిమికి చుట్టు వరుసలుగా కుట్టి, నాలుగు మూలలా మడిచిన గుడ్డ త్రికోణాలను పువ్వులుగా పెడతారు. ఆ పువ్వులు లేకపోతే బొంత పూర్తి కానట్టే. బెంగాల్ కాంథాలో సాదా కుట్టుతోనే తామరలు, ఏనుగులు, కథల బొమ్మలు తీర్చారు. జసీముద్దీన్ 1929లో రాసిన బెంగాలీ కథాకావ్యం పేరులోనే నక్షీ కాంథా ఉంది. బీహార్ ముజఫర్‌పూర్ జిల్లాలోని భుసురా కేంద్రంగా సాగే సుజని కుట్టులో ఊరి సంగతులు బొమ్మలవుతాయి. సింధ్, రాజస్థాన్, గుజరాత్‌లలో రల్లీ అతుకుపనికీ పైఅతుకుకూ ప్రసిద్ధి.

విదేశాల్లో దీనికి పోల్చదగినది అమెరికాలోని అలబామా రాష్ట్రం జీస్ బెండ్ ఊరి బొంతలు. బానిసల సంతతి నల్లజాతి స్త్రీలు పనిబట్టల ముక్కలతో కుట్టిన ఆ బొంతలను 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియంలు చిత్రకళగా గోడలకెక్కించాయి. జపాన్‌లో అరిగిన బట్టను సాదా కుట్టుతో బలపరిచే సాషికో కూడా ఇదే జాతి పని.

మార్పులు

బొంత తగ్గడానికి చలిదుప్పట్లు, రగ్గులు చౌకగా రావడం ఒక కారణమే. అంతకంటే లోతైనది బట్ట మారడం. పాలిస్టర్ చీర అరగదు, చిరగదు, కానీ చెమట పీల్చదు. పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయి, కుట్టు బిగుస్తుంది తప్ప అతుక్కోదు. నైటీలు, పంజాబీ డ్రెస్సులు వచ్చాక ఇంట్లో నూలు చీరలు పోగుపడటం తగ్గింది. ఉన్న పాతబట్టలు కూడా స్టీలు సామాన్లకు మార్చే గంపలవాళ్ళ దగ్గరికి పోయాయి. ఒక డబ్బాకు ఇచ్చిన అయిదారు చీరలు ఒక బొంతకు సరిపడే సరుకు.

కుట్టుమిషన్ మీద బొంతలు కుట్టించడం పట్టణాల్లో పెరిగింది. మిషన్ కుట్టు గట్టిది, త్వరగా అవుతుంది. అయితే పొరలను బిగించి పట్టేయడం వల్ల బొంత అట్టలా ఉంటుంది. చేతికుట్టులో దారానికి ఉండే కొద్దిపాటి వదులే మెత్తదనం. చేతికుట్టు నేర్చిన యువతుల్లో చాలామంది ఇప్పుడు రవికల మగ్గం వర్క్ వైపు వెళ్తున్నారు, దానికి రాబడి ఎక్కువ. పసిబిడ్డల బొంత మాత్రం పెద్దగా తగ్గలేదు. అంగడిలో దొరికే రంగుల పరుపు ఉన్నా, బిడ్డ కింద వేసేది పాత నూలుచీర బొంతే కావాలనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

సంరక్షణ, మరమ్మతు

నూలు చీర ఒక్కోటి దాదాపు అర కిలో తూగుతుంది. నాలుగు చీరల బొంత రెండు కిలోలు. తడిస్తే అంతకు రెట్టింపు దాటుతుంది. ఒక్కరే పిండలేరు. ఇద్దరు రెండు కొసలు పట్టుకుని ఎదురెదురుగా మెలిపెడతారు. అందుకే తరచుగా ఉతకరు, ఎండవేస్తారు. ఎండాకాలపు బండ మీద రెండు వైపులా కాగితే నల్లులు, చెమ్మవాసన పోతాయి.

ముందు అరిగేది తల పెట్టే చోటు, కాళ్ళు రాసుకునే చోటు. అక్కడ మాసిక వేసి, పాత వరుసల వెంటే మళ్ళీ సూది నడుపుతారు. కొత్త వరుస పాత బెజ్జాలకు పక్కన పడాలి, వాటిలోనే పడితే గుడ్డ చీలుతుంది. పై చీర పూర్తిగా పోయినా లోపలి పొరలు బాగుంటే దాన్ని విప్పరు. పైనా కిందా మరో చీర పరిచి, మొత్తాన్ని కలిపి మళ్ళీ కుడతారు. కొన్ని ఇళ్ళలోని బరువైన బొంతల అంచు విప్పి చూస్తే లోపల ఇంకో బొంత, దాని అంచులో వేరే రంగు చీర కొంగు కనబడతాయి.